రాయికి గుద్దిన మూడు బొమ్మలు

మా పెద్ద మేడమ్ కారు రోడ్డు పక్క మోరీ గోడకు గుద్దుకుందన్న సంగతి నాకు ఆత్మకూరు బస్టాండులో, ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. చెప్పినాయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాను ఎప్పుడో చెప్పిన జోస్యం ఇప్పుడు నిజమైనట్టు, "ఆడోళ్ళ చేతికి స్టీరింగ్ ఇస్తే అంతే మరి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. నాకు ఒళ్ళు మండింది గాని, ముందు ఆమె బతికి ఉందో లేదో తెలుసుకోవాలి. బతికే ఉందన్నారు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారన్నారు.

ఇది తొంభైల నడిమి మాట. నేను ఉదయగిరి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. మా ఇల్లు ఆత్మకూరులో. రోజూ బస్సులో పోయి రావడం. పెద్ద మేడమ్ అంటే మా స్కూలు హెడ్‌మాస్టరు. బాప్టిస్టు కుటుంబం వాళ్ళది, వాళ్ళ అవ్వ కాలం నుంచే ఇంట్లో ఆడవాళ్ళకు చదువుంది. మనిషి బాగా పొట్టి. ప్రేయర్లో నిలబడితే మైకే వంగి ఆమెను చూస్తున్నట్టుండేది. గొంతు మాత్రం ఊరి పక్క దుర్గం కొండకు తగిలి వెనక్కి వచ్చేదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. యాభై దాటినాక కారు తోలడం నేర్చుకుంది. ఒక పాత చిన్న కారు కొని, సీటును ఎంత ముందుకు జరుపుకోవచ్చో అంత జరుపుకుని, కింద దిండు వేసుకుని తోలేది. ఆమె భర్త రిటైరైన రెవెన్యూ ఉద్యోగి, తాటిచెట్టంత మనిషి. ఆయన ఎన్నడూ స్టీరింగ్ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు.

ఆ కారు ముందు సీట్లకు బెల్టులుండేవి. అప్పట్లో మా వైపు ఎవరైనా బెల్టు పెట్టుకుంటే, ఎగిరిపోతావా ఏంది అని నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం బండిలో ఇచ్చారంటే ఏదో పనికే ఇచ్చుంటారని తాను పెట్టుకుని, ఆయన చేత కూడా పెట్టించేది. ఆ రోజు దుత్తలూరు నుంచి వస్తుంటే గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆమె బండిని పక్కకు తిప్పింది. బండి పోయి మోరీ గోడకు ఎదురుగా గుద్దింది. వేగం పెద్దదేం కాదు. గొర్రె ఒక్కటి కూడా చావలేదు. ఆయనకు ఛాతీ మీద బెల్టు వాత తేలింది, అంతే. ఆమెకు మోకాలి చిప్ప చిట్లింది, చీలమండ విరిగింది, కుడివైపు మెడ కింది ఎముక రెండు ముక్కలైంది.

ఆమె ఇంటికి వచ్చిందని తెలిసి చూడటానికి పోయాను. కాలికి కట్టు, భుజానికి కట్టు, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఓదార్పు మాటలేవో వెతుక్కుంటూ పోయిన నాకు వాటితో పనే పడలేదు. ఆమె అప్పటికే వేరే లోకంలో ఉంది. కుర్చీ దగ్గరికి లాక్కోమని చెప్పి, పరీక్ష పేపరు ఇచ్చినట్టు అడిగింది.

"ఒకటే బండి. ఒకటే గోడ. ఇద్దరికీ బెల్టుండాది. ఆయనకి ఏమీ గాలా, నాకెందుకు ఇంతయింది? నువ్వు సైన్సు టీచరువి గదా, చెప్పు."

భర్త పక్కనే బత్తాయి ఒలుస్తున్నాడు. నీ ముందు స్టీరింగుంది, నా ముందు లేదు, అందుకే, అన్నాడు. న్యాయమైన మాటే. నేనూ సరేనన్నాను. మేడమ్ ఊరుకోలేదు. స్టీరింగ్ ఛాతీకి తగలాలి గాని మోకాలికి ఎందుకు తగులుతుంది, బెల్టు కింద ఉన్న ఎముక ఎందుకు విరుగుతుంది అంది.  న్యూటన్ మొదటి సూత్రం పిల్లలకు చెప్పేటప్పుడు, బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం అని ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. తూలేది ఎవరు, ఎంత పొడుగు, ఎక్కడ కూర్చున్నారు అని ఒక్కసారైనా ఆలోచించలేదు.

అదే వారం స్కూలుకు కబురొచ్చింది, ఆత్మకూరులో డివిజన్ స్థాయి సైన్సు ఫెయిర్ పెడుతున్నారని. ఏటా మేం తీసుకుపోయేది అగ్నిపర్వతం. సోడా పొడి, నిమ్మరసం, ఎర్ర రంగు. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి, మేడమ్ అడిగిన ప్రశ్న బోర్డు మీద రాశాను.  తర్వాత వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది. పొడుగు కాళ్ళ పిల్ల, వాళ్ళ నాయన దుత్తలూరు ఉదయగిరి మధ్య జీపు తోలేవాడు. "బొమ్మల్ని చేసి గుద్దిద్దాం టీచర్. ఇద్దర్నీ ఒకే సీట్లో ఒకరి తర్వాత ఒకర్ని కూర్చోబెడితే స్టీరింగ్ గొడవుండదు గదా" అంది.

భర్తగారి అభ్యంతరం సంగతి నేను క్లాసులో చెప్పనే లేదు. ఆ పిల్లకు అది తనంతట తానే తట్టింది. 

ఇక స్కూలు స్కూలుగా లేదు. జీపాయన పాత బేరింగులు ఇచ్చాడు. వాటిని పలకకు బిగించి నాలుగు చక్రాల బండి చేశాం. పాత కుర్చీని కోసి సీటు, దాని ముందు డాష్‌బోర్డుగా ఒక చెక్క. బెల్టు కోసం మంచం నవారు కత్తిరించాం. వార్షికోత్సవం స్టేజీకి వాడే పొడవాటి పలకలను స్కూలు వెనక వాలు మీద పరిచి, కింద ఒక బండరాయి పెట్టాం. బండిని పైనుంచి వదిలితే గడగడమని దొర్లుకుంటూ వచ్చి రాయికి ఢీకొనేది. ఖాళీ బండి మొదటిసారి గుద్దినప్పుడు ఆ చప్పుడుకు పక్క క్లాసు పిల్లలందరూ కిటికీలకు వేలాడారు.

బొమ్మలకు కీళ్ళు కావాలి. గోనెపట్ట బొమ్మ వంగాల్సిన చోట వంగదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇళ్ళున్నాయి, పిడుల మీద పువ్వులు, చేపలు చెక్కుతారు. అలాంటి ఒక ఇంటి కోడలు మా బడి ప్రహరీ వెనకే ఉండేది. నాకంటే కొంచెం పెద్దది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. అక్కా అని పిలిచేదాన్ని. సంగతి చెప్పగానే చేతిలోని గరిటె పక్కన పెట్టి, మోకాలు ఎటు వంగుతుంది, ఎటు వంగదు అని తన మోకాలే వంచి చూసుకుంది. రెండు రోజుల్లో మోకాళ్ళు, తుంటి, మోచేతులు తయారు. మేకుల మీద తిరిగే చక్కని కీళ్ళు. వాటిని చూసి నేనూ పిల్లలూ ఎంతసేపు ఆడుకున్నామో చెప్పలేను.

సగం మనిషి ఎత్తులో మొదటి బొమ్మను చేశాం. గోనెపట్టలో ఇసుక, రంపపు పొట్టు కూరి కుట్టాం. ఎముకలకు చీపురు పుల్లలు. మెడలో కొన్ని, మెడ కింద అడ్డంగా కొన్ని. గుద్దిన తర్వాత విప్పి, ఏ పుల్ల విరిగిందో చూస్తాం. డాష్‌బోర్డుకు పచ్చి బంకమట్టి మెత్తాం. మోకాలు ఎంత లోతుగా దిగిందో మట్టి చెబుతుంది. ఈ బొమ్మకు పిల్లలు "సారు" అని పేరు పెట్టారు. రెండో బొమ్మ కోసం అదే కొలతలను అన్నివైపులా తగ్గించి, చిన్నది కుట్టాం. అది "మేడమ్".

సారును కూర్చోబెట్టి వదిలాం, గుద్దింది. మట్టిలో చిన్న నొక్కు. పుల్లలు భద్రం. మేడమ్‌ను కూర్చోబెట్టి వదిలాం, గుద్దింది. మట్టిలో అంతకంటే కాస్త పెద్ద నొక్కు. పుల్లలు భద్రం. మళ్ళీ మళ్ళీ చేశాం. తేడా ఏదో ఉంది గాని, పట్టుకుని చూపించేంత లేదు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. మా జీపాయన కూతురు బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అయితే పెద్ద మేడమ్‌కు దెబ్బలు ఊరికే తగిలినాయా అని అడిగింది.

ఆదివారం చర్చి విడిచాక, "మేడమ్" బొమ్మను తీసుకుని మేడమ్ ఇంటికి పోయాం. పిల్లలు, నేను, చెక్క పనిచేసే అక్క కూడా. తను చేసిన మోకాళ్ళు ఎవరి కోసమో ఆమెకూ చూడాలనుంది. బొమ్మను మంచం మీద మేడమ్ పక్కనే కూర్చోబెట్టాం. మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఎవురిది?"

"మీరే మేడమ్" అంది ఒక పిల్ల భయంభయంగా.

"ఇది నేను కాదే. మా ఆయన్ని ఉతికి ఆరేస్తే ముడుచుకుపోయినట్టుండాడు."

ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. మొదట నవ్వింది ఆయనే. ఆ తర్వాత ఇల్లంతా నవ్వింది, మేడమ్ భుజం పట్టుకుని నొప్పితో నవ్వింది. నవ్వు ఆగాక అందరం మళ్ళీ బొమ్మ వైపు చూశాం. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. మేం ఆడదాని బొమ్మ చేయలేదు. పొట్టి మగవాణ్ణి చేశాం.

మేడమ్ టేపు తెమ్మంది. బడిలో తలెత్తి చూడటానికే భయపడే పిల్లలు ఆ మధ్యాహ్నం ఆమె నడుము, తుంటి, భుజాలు, మెడ, తొడ, పిక్క అన్నీ కొలిచారు. భర్తగారిని కూడా నిలబెట్టి అవే చోట్ల కొలిచారు. ఆమె భుజాలు ఆయన భుజాల్లో ఎంత భాగమో, తుంటి ఎంత భాగమో పోల్చుకుంటే రెండింటికీ పొంతనే లేదు. అక్క తన చూపుడువేలు, బొటనవేలు చుట్టి మేడమ్ మెడ కొలిచి, తర్వాత నా మెడ కొలిచి, ఆడోళ్ళ మెడకి సన్న కర్రే పెట్టాల అంది. మేడమ్ తన దిండును తెప్పించుకుని, మంచం అంచున కారులో కూర్చున్నట్టు కూర్చుని చూపించింది. కట్టు కాలు సాచి, మంచి మోకాలిని ముందున్న స్టూలుకు దాదాపు తగిలించి. బెల్టు ఎక్కడ పడేదో వేలితో గీసింది. ఛాతీ మధ్యగా రావాల్సింది పక్కకు జారి మెడ దగ్గరికి పోతుంది. నడుము మీది పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది.

"రోజూ ఇట్టా జారేది. సర్దుకునేదాన్ని. బెల్టులంటే అంతేలే అనుకున్నా" అంది.

మూడో బొమ్మ అలా పుట్టింది. తుంటి వెడల్పు, భుజాలు సన్నం. ఛాతీకి ఇసుక సంచులు. మెడకు సన్నటి కర్ర, సన్నటి పుల్లలు. కింద చిన్న దిండు, సీటు ముందుకు. పిల్లలు ఈసారి ఏ పేరూ పెట్టలేదు. ముందు గుద్దనీ టీచర్, అన్నారు.

ఆ సాయంత్రం బడి విడిచినా ఎవరూ ఇంటికి పోలేదు. ఎండ దుర్గం మీది నుంచి దిగిపోతోంది. బండి వాలు మీద గడగడ వచ్చి రాయికి తగిలింది. బొమ్మ ముందుకు పోయింది, బెల్టు లాగింది, తల ఊగి ఆగింది. మేం ముందు మట్టి చూశాం. మోకాళ్ళు రెండూ చిప్ప దాకా దిగబడ్డాయి. తర్వాత కుట్లు విప్పాం. జీపాయన కూతురు చెయ్యి లోపల పెట్టి, పుల్లలను ఒక్కొక్కటిగా తడిమి, ఒక చోట ఆగింది. నా వైపు చూసింది. మెల్లగా బయటికి తీసింది. మెడ కింద అడ్డంగా పెట్టిన పుల్ల, కుడివైపు, రెండు ముక్కలు.

మేడమ్‌కు విరిగిన చోటే.

 పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అక్క "యా అల్లా" అని మెల్లగా అనుకుంది.  క్లాసులో చెప్పిన పాఠం ఒకటి నా కళ్ళ ముందు నిజమై నిలబడటం నా జన్మలో అదే మొదటిసారి. వెంటనే మళ్ళీ పుల్ల మార్చి, మట్టి సర్ది, మళ్ళీ వదిలాం. మళ్ళీ విరిగింది. ఇంకోసారి విరగలేదు. ఇంకోసారి విరిగింది. సారు బొమ్మను అదే సీట్లో పెడితే ఒక్కసారీ విరగలేదు. మొదట మేడమ్ అనుకుని చేసిన పొట్టి సారును పెడితే విరగలేదు. ఆడదానిలా చేసిన బొమ్మకే విరుగుతోంది. చీకటి పడుతోందని వాచ్‌మన్ తరిమే దాకా గుద్దిస్తూనే ఉన్నాం.

సైన్సు ఫెయిర్‌కు జీపు మీద సామానంతా కట్టి ఆత్మకూరు పోయాం. బొమ్మలను పైన కట్టడానికి పిల్లలు ఒప్పుకోలేదు. లోపల ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. దారిలో ఎక్కినవాళ్ళు జరగండమ్మా అని బొమ్మలతో కూడా అన్నారు. నేను పుట్టి పెరిగిన ఊరే అయినా, ఆ రోజు ఫెయిర్ పెట్టిన హైస్కూలు గేటులో దిగుతుంటే పరాయి దేశానికి పోటీకి పోయినట్టనిపించింది.

మా ముందుకు వచ్చిన జడ్జి ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పే లెక్చరరు. ఏమిటమ్మా ఇది అన్నాడు. మా జీపాయన కూతురు చెప్పాల్సింది చెప్పింది. బండి వదిలాం. గచ్చు మీద బండరాయి జారింది. బండి వంకరగా పోయి పక్కకు తిరిగింది. విప్పి చూస్తే ఆడబొమ్మకు అన్నీ భద్రం. సారు బొమ్మను వదిలితే రాయి ఇంకోలా జారి, మెడలో పుల్ల విరిగింది. మేం చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. చుట్టూ చేరిన జనం నవ్వారు. ఎవరో, మొగోడికే దెబ్బలు గదమ్మా అన్నారు. జడ్జి పెన్ను మూత పెట్టి కదలబోయాడు. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల ఆయనకు అడ్డం నిలబడింది.

"సార్, ఈ గుద్దు లెక్కలోకి రాదు. రాయి జరిగింది, మీరూ చూసినారు. రాయిని గోడకి ఆనించి మళ్ళీ చేస్తాం. అప్పుడు కూడా ఇట్టాగే వస్తే, మేం చెప్పింది తప్పని రాసుకోండి."

ఆయన పెన్ను మూత మళ్ళీ తీశాడు. తర్వాత ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

రాయిని గోడకు ఆనించాం. బండి తిన్నగా పోయి గుద్దింది. ఆడబొమ్మ, సారు, పొట్టి సారు, మళ్ళీ ఆడబొమ్మ. జడ్జి స్టూలు దిగి నేల మీద కూర్చుని తనే కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. అగ్నిపర్వతాల దగ్గరి జనం కూడా మా దగ్గరికే వచ్చారు.  అన్నిసార్లూ ఒకేలా రాలేదు. ఎక్కువసార్లు ఆడబొమ్మకే పుల్ల విరిగింది, మోకాలు దిగింది. చివరికి ఆయన పొట్టి సారును చేతిలోకి తీసుకుని, ఇద్దరు ఆడవాళ్ళను ఎందుకు తెచ్చారు అని అడిగాడు.

అది ఆడమనిషి కాదు సార్, మేం మొదట చేసిన తప్పు అని ఆ పిల్ల జరిగినదంతా చెప్పింది. మేడమ్ అన్న ఉతుకుడు మాట కూడా చెప్పింది. ఆయన నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. విదేశాల్లో కొత్త కార్లను ఇలాగే బొమ్మలు కూర్చోబెట్టి గోడకు గుద్దిస్తారని చెప్పాడు. ఇనుముతో, రబ్బరుతో చేసిన బొమ్మలట. ఎక్కువగా వాడేది మగబొమ్మేనట. ఆడబొమ్మ కూడా ఉంది గాని, తాను చదివినంతవరకు అది చాలా మట్టుకు మగబొమ్మను చిన్నది చేసి తయారు చేసిందేనట.

పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"అంటే వాళ్ళూ పొట్టి సారు దగ్గరే ఆగిపోయినారా సార్?"

ఆయన కొంచెం ఆలోచించి, అలాగే చెప్పుకోవాలమ్మా అన్నాడు. ఆ మాటతో మా పిల్లలు నేల మీద నిలబడలేకపోయారు. ఇద్దరు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు. నేను టీచరును కాబట్టి తిరగలేదు, అంతే తేడా.

ఆ సందడిలోనే జనంలోంచి ఒకావిడ ముందుకు వచ్చింది. అనంతసాగరం నుంచి కూతురి ప్రదర్శన చూడటానికి వచ్చిందట. నెలలు నిండుతున్న మనిషి. జీపులో ముందు సీట్లో కూర్చుని వచ్చినాను, నాలాంటిదాన్ని ఆడ కూర్చోబెడితే ఏమైతాది అని అడిగింది. వేళాకోళం కాదు, తెలుసుకోవాలనే అడిగింది.  జడ్జి మా పిల్ల వైపు చూశాడు. మా పిల్ల ఆమె పొట్ట వైపు చూసి, బొమ్మ వైపు చూసి, తెలీదక్కా, బొమ్మ కుట్టి చూస్తాం అంది.

మొదటి బహుమతి సోమశిల డ్యామ్ నమూనాకు వచ్చింది. గేట్లెత్తితే నిజం నీళ్ళు దూకేవి, నాకూ నచ్చింది. మాకు రెండోది. తిరుగు ప్రయాణంలో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నాలుగో బొమ్మకు పొట్ట దేనితో చేయాలన్నదే మాట. నీళ్ళు నింపిన ఫుట్‌బాల్ బ్లాడర్‌తో అని తేలింది. సంక్రాంతి సెలవుల ముందే ఆ బొమ్మనూ గుద్దించాం. నవారు పట్టీ పొట్ట మీదుగా కడితే బ్లాడర్ నొక్కుకుపోయి పక్కలకు ఉబ్బేది. పట్టీని పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీదికి దించి కడితే నీళ్ళు ఊగేవి గాని బ్లాడర్ నలిగేది కాదు. మా పిల్లల్లో కొందరు అనంతసాగరం బస్సెక్కి, ఆవిడ ఇల్లు వెతుక్కుని పోయి ఆ మాట చెప్పి వచ్చారు. అప్పటికే ఆమె ప్రసవించి పురిటి మంచం మీద ఉందట. అయినా అంతా విని, పక్కింటి కడుపుతో ఉన్న పిల్లను పిలిపించి దానికి కూడా చెప్పించిందట.

ఇక మేడమ్. కట్లు విప్పారు, కర్ర పట్టుకుని బడికి వస్తోంది. కారు బాగై వచ్చి ఇంటి ముందు నిలబడి ఉంది. భర్తగారు అమ్మేద్దామన్నాడు. ఆమె ఆ మాట విననట్టే ఉండి, వాలు దగ్గరికి వచ్చి నిలబడి, సీటు వెనక్కి జరిపి గుద్దించమంది. జానెడు వెనక్కి జరిపాం. మోకాళ్ళు మట్టికి తగలనే లేదు. బెల్టు కూడా మెడ దగ్గరికి జారకుండా భుజం మీద కుదురుగా పడింది. ఆమె చేతి కర్రతో బొమ్మను చూపించింది.

"వెనక్కి జరగమని బొమ్మ బాగానే చెప్తా ఉండాది. బ్రేకు అందొద్దా నాకు?"

అక్క ప్రహరీ మీది నుంచి చూస్తోంది. కాలు బ్రేకు దాకా రాకపోతే బ్రేకే కాలి దాకా వస్తాదిలే అంది.

జీపాయన, అక్క కలిసి పనిచేశారు. గట్టి కర్రతో మూడు దిమ్మెలు చెక్కి, పెడళ్ళ మీద కూర్చునేలా గాడులు కోసి, బోల్టులతో బిగించారు. జారకుండా పైన సైకిల్ టైరు ముక్కలు. జీపాయన మైదానంలో తోలి, బ్రేకులు తొక్కి తొక్కి చూసి గాని ఒప్పుకోలేదు. అక్క ఊరుకోకుండా దిమ్మెల పక్కన ఒక పువ్వు కూడా చెక్కింది. కాలి కింద పువ్వేందే అని మేడమ్ అడిగితే, చెయ్యి ఊరుకోదు మేడమ్ అంది.

మేడమ్ మళ్ళీ కారు తీసిన రోజు పక్క సీట్లో నేనున్నాను. భర్తగారు వెనక కూర్చున్నాడు. ఉదయగిరి వీధుల్లో షాపుల వాళ్ళు పని ఆపి చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. వీపు సీటుకు ఆనించి కూర్చుంది. నేను ఆమెను ఎప్పుడూ అలా చూడలేదు, ఎప్పుడూ స్టీరింగ్‌ను కౌగిలించుకున్నట్టే ఉండేది. ఊరు దాటింది, చెట్లు వెనక్కి పోసాగాయి, గాలి ముఖానికి కొట్టింది. గేరు మార్చినప్పుడల్లా దిమ్మె టక్కుమనేది. మోరీ దగ్గర కొత్తగా కట్టిన గోడ కనిపించింది. ఆమె హారన్ ఒకసారి కొట్టి దాటేసింది.

ఆత్మకూరు వైపు పోయే రోడ్డులో ఎవరూ లేని ఒక తిన్నని చోట బండి ఆపింది. దిగి, డ్రైవర్ తలుపు తెరిచి పట్టుకుని నన్ను రమ్మంది. నాకు రాదు మేడమ్ అన్నాను.

"నాకు పుట్టుకతోనే వచ్చిందా? దా."

కూర్చున్నాను. మోకాళ్ళు స్టీరింగ్‌కు కొట్టుకున్నాయి. నేను ఆమెకంటే జానెడు పైన పొడుగు. దిమ్మెలున్న పెడళ్ళు నా కాళ్ళను ఎక్కడో పైకి ఎత్తేశాయి. మేడమ్ వంగి చూసి, ఇవి నా కాళ్ళకి కుట్టినయ్యి, నీకు పనికిరావంది. సీటు కింద నుంచి స్పానర్ తీసి భర్త చేతికిచ్చింది. తాటిచెట్టంత ఆ మనిషి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, గొణుక్కుంటూ మూడు దిమ్మెలూ విప్పి పక్కన పెట్టాడు. నేను సీటు వెనక్కి జరుపుకున్నాను. బెల్టు భుజం మీదుగా తెచ్చి, నడుము పట్టీని కిందికి, ఎముకల మీదికి దించుకున్నాను. మేడమ్ పక్కన, ఆయన వెనక ఎక్కాక తాళం తిప్పాను. మేడమ్ చెప్పినట్టు క్లచ్ మీది కాలు మెల్లగా వదిలాను. బండి ఒక దూకు దూకి ఆగిపోయింది. వెనక నుంచి ఆయన, పరవాలేదమ్మా, మా ఆవిడ మొదటి రోజు దడి గుద్దింది అన్నాడు. మేడమ్ ఆయన్ని వెనక్కి తిరిగి చూసింది.

మళ్ళీ తిప్పాను. ఈసారి బండి కదిలింది. వాలు మీద బొమ్మల బండిని వదిలినప్పటిలాగా కాదు, నా కాలి కింద నుంచి, నా మాట విని కదిలింది. రోడ్డు నా వైపుకు రావడం మొదలైంది. రెండో గేరు వెయ్యి అంది మేడమ్. నేను వేశాను.